మూడో నంబరు బస్సులో బ్రాంజ్‌విల్‌కి

చికాగో వచ్చి మూడు వారాలైంది. అరోరా బాలాజీ గుడి, మన దుకాణాలుండే డెవాన్ వీధి, మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే ఆ పెద్ద గింజ ఆకారపు శిల్పం, అన్నీ చూశాం. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలందరూ చూసేవే కాబట్టి వాటి గురించి రాయను. ఒక్క ఆదివారం గురించే రాస్తాను.

మా మనవరాలు బళ్ళో వయొలిన్ నేర్చుకుంటోంది. ఒకరోజు ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. చికాగో దక్షిణాన నల్లజాతి వారి పాత పేట బ్రాంజ్‌విల్‌లో, ఒక చర్చి హాల్లో స్ట్రింగ్ క్వార్టెట్ కచేరీ, అంటే నలుగురు కలిసి తీగ వాయిద్యాలు వాయించేది, ప్రవేశం ఉచితం, పిల్లలు వాయిద్యాలు తెచ్చుకోవచ్చు. కచేరీ హాళ్ళలో చోటు దొరకని నల్లజాతి స్వరకర్తల సంగీతాన్ని వెతికి వాయించడమే ఆ నలుగురి పని అని కింద రాసి ఉంది. చిన్నప్పుడు విజయనగరంలో నేనూ ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు కదా, మా వీధిలో ఇంటికో ఫిడేలు ఉండేది. వెళ్దామన్నాను.

అమ్మాయికి ఆఫీసు పని. అల్లుడు గారికి డౌన్‌టౌన్ అంటేనే చిరాకు, పోయినసారి మూడు గంటల పార్కింగ్‌కు 42 డాలర్లు కట్టారు. రైల్లో వెళ్తామంటే అమ్మాయి మొహం మారిపోయింది. "అది సౌత్ సైడ్ అమ్మా" అంది, అక్కడికి వెళ్ళడమే ప్రమాదమన్నట్టు. వెళ్ళావా ఎప్పుడైనా అని అడిగాను. పదకొండేళ్ళుగా ఈ ఊరి పక్కనే ఉంటోంది, వెళ్ళలేదు. నాకు కోపం వచ్చింది. పట్టుదలగా మనవరాలి చెయ్యి పట్టుకుని నేపర్‌విల్‌లో రైలెక్కాను.

యూనియన్ స్టేషన్ నుంచి ఆడమ్స్ వీధిలో తిన్నగా నడిచి, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సింహాల దగ్గర మూడో నంబరు బస్సెక్కాం. మిషన్‌లో పది డాలర్ల నోటు వేశాను. చిల్లర రాలేదు. చిల్లర ఇవ్వదని డ్రైవరు మెల్లగా చెప్పాడు. ఇద్దరికి ఎనిమిది వందల రూపాయల పైన టికెట్! మా ఊరి నుంచి విశాఖకు పదిసార్లు వెళ్ళొచ్చు. కాసేపు బయటికి కూడా చూడబుద్ధి కాలేదు.

పక్క సీట్లో డెబ్భై అయిదు దాటిన ఒక నల్లజాతి ఆవిడ కూర్చున్నారు, తెల్ల టోపీ పెట్టుకుని, చర్చి నుంచి వస్తున్నట్టు. మనవరాలి ఒళ్ళో వయొలిన్ పెట్టె చూసి ఎక్కడికని అడిగారు. చెప్పాను. "ఫ్లోరెన్స్ ప్రైస్‌ది వాయిస్తారా?" అన్నారు వెంటనే. బస్సు మిషిగన్ అవెన్యూలో పోతుంటే కుడివైపు పాత రాతి భవనం చూపించారు. ఆడిటోరియం థియేటర్. 1933 జూన్ 15న చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా, పెద్ద వాద్యబృందం కోసం ప్రైస్ గారు రాసిన మొదటి సింఫనీని అక్కడే వాయించింది. నల్లజాతి స్త్రీ రాసిన సింఫనీని అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రా వాయించడం అదే మొదటిసారి. ఆవిడ అదంతా తన ఇంట్లో జరిగిన పెళ్ళి గురించి చెప్పినట్టు చెప్పారు.

కింగ్ డ్రైవ్ మీదికి వచ్చాక, 26వ ప్లేస్ దగ్గర, "అదిగో, చూడండి" అని నా మోచెయ్యి పట్టుకున్నారు. కంచు మనిషి. చేతిలో సూట్‌కేసు, ఒంటి మీద సూటు. దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు, ఆ సూటంతా అరిగిపోయిన చెప్పుల అట్టలు. దక్షిణాది పత్తి చేలు వదిలి ఉత్తరానికి వలస వచ్చిన లక్షల మంది గుర్తుగా 1996లో పెట్టారట. మొహం ఉత్తరానికే తిప్పి ఉంది, మా బస్సుకు ఎదురొస్తున్నట్టు. "మా నాన్న మిసిసిపీ నుంచి రైల్లో వచ్చాడు, జోళ్ళు లేకుండా" అన్నారావిడ. మా తాతగారి తమ్ముడు కూలికి రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు. ఆ మాట చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను దిగేదాకా అలాగే ఉంచారు. పది డాలర్ల సంగతి నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

హాల్లో మడత కుర్చీలు, గోడకు రెండు ఫ్యాన్లు, సగం మంది పిల్లలే. స్టేజీ లేదు. ఇద్దరు వయొలిన్లు, ఒకరు వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా, ఒకరు నేలకు ఆనించి వాయించే పెద్ద చెల్లో, మొదటి వరసకు మూడడుగుల దూరంలో అర్ధచంద్రంలా కూర్చున్నారు. మైకు లేదు. మొదటి వయొలిన్ అమ్మాయి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆ ఊపిరే తాళం, నలుగురూ ఒక్కసారి అందుకున్నారు.

మాకు నేర్పిన వయొలిన్ వేరు. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను చీలమండకు ఆనించి, పాడేవారి వెనక వెనకే పోవాలి. పాటను దాటకూడదు. ఇక్కడ వెనక అంటూ ఎవరూ లేరు. చెల్లో ఒక మాట అంటే వయోలా ఒప్పుకోదు, రెండో వయొలిన్ మధ్యలో సర్ది చెబుతుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకాలు లేవే అని మొదట వెలితిగా అనిపించింది. నెమ్మదిగా సాగే రెండో భాగం వచ్చేసరికి ఆ వెలితి పోయింది. అది 1935లో ప్రైస్ గారు 'ఎ మైనర్' అనే స్వరశ్రేణిలో రాసిన క్వార్టెట్.

మూడో భాగం పేరు జూబా, ఒంటి మీద చరుస్తూ లయ వేసే నల్లవారి పాత ఆట. అది మొదలుపెట్టే ముందు వయోలా వాయించే ఆయన వాయిద్యం కింద పెట్టి లేచాడు. 1739లో దక్షిణ కెరొలైనాలో బానిసలు తిరగబడ్డాక, డప్పులు వాయించకూడదని అక్కడ చట్టం చేశారని చెప్పాడు. డప్పు లాక్కున్నా ఒళ్ళు ఉంది కదా అని తొడ మీద, గుండె మీద, చేతుల మీద చరుచుకుంటూ వాయించాడు. పిల్లలందరినీ లేపి నేర్పాడు. ఆ తరవాత అదే లయ నాలుగు వాయిద్యాల్లో వినిపించింది. మా మనవరాలు నా పక్కన నిలబడి గుండె మీద చరుచుకుంటోంది.

నాకు తప్పెటగుళ్ళు గుర్తొచ్చాయి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం. గుండెకు తప్పెట్లు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ ఎగిరే గొల్లలు. పల్లెల నుంచి వచ్చేవారు. మా మాస్టారి అరుగు ముందు నుంచే పోయేవారు. ఆయన మాకు నేర్పుతున్న వర్ణం ఆపి తలుపు మూయించేవారు, శ్రుతి చెడిపోతుందని. ఆ తలుపు మూసిన చెయ్యి చాలాసార్లు నాదే.

చివర్లో పిల్లలు ప్రశ్నలు అడిగారు. ప్రైస్ గారు 1927లో, దక్షిణాదిన తన ఊరు లిటిల్ రాక్‌లో నల్లవారి మీద దాడులు పెరిగాక, పిల్లలతో చికాగో వచ్చేశారని, 1953లో ఇక్కడే పోయారని చెల్లో వాయించే ఆవిడ చెప్పింది. 2009లో, ఈ ఊరికి దక్షిణాన సెయింట్ ఆన్ అనే చోట, ఒక జంట పాడుబడ్డ ఇల్లు బాగుచేసుకుంటుంటే పెట్టెల నిండా ఆమె రాతప్రతులు దొరికాయట. ఒకప్పుడు అది ఆమె వేసవి ఇల్లు. రెండు వయొలిన్ కన్చెర్టోలు, నాలుగో సింఫనీ ఆ కాగితాల్లోనే ఉన్నాయి. ఏడెనిమిదేళ్ళ బాబు లేచి, "ఎవరు దాచారు?" అన్నాడు.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఎవరూ దాచలేదు. ఎవరూ అడగలేదు" అంది.

ఆ తరవాత వాయిద్యాలు పిల్లల చేతికిచ్చారు. వారంలో మూడు రోజులు బళ్ళకు వెళ్ళి ఇలాగే చేస్తారట. చెల్లో తనకన్నా ఎత్తున్న ఒక పాప, కమాను ఎలా పట్టుకోవాలో తెలియక తీగ మీద చెంప ఆనించింది. ఎవరూ తియ్యమనలేదు. తీగ మీటి, అలాగే వినమన్నారు.

తిరుగు రైల్లో మనవరాలు జూబా ఆపలేదు. తొడలు ఎర్రబడ్డాయి. సాయంత్రం ఆరూ నలభై, మా ఊళ్ళో తెల్లారి అయిదూ పది. తమ్ముడు వాకింగ్‌కు లేచే వేళే అని ఫోన్ చేశాను.

"తప్పెటగుళ్ళ వాళ్ళు ఇంకా వస్తున్నార్రా?"

"ఎందుకు రారక్కా, పోయిన పండక్కీ వచ్చారు. ఏమైంది?"

"ఈసారి వాళ్ళ పాటంతా ఫోన్లో రికార్డు చెయ్యి. పూర్తిగా. ముందే వాళ్ళ ఊరెళ్ళి అడుగు."

"సరే. ఎవరి కోసం అడగను? పెద్దాయన పేరేంటి?"

అరవై ఏళ్ళుగా చూస్తున్నాను వాళ్ళని. ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోయాను.

"పేర్లు కూడా రాసుకుని రా" అన్నాను.