రాడ్ ఎత్తకురా, లైన్ లాగు

పదకొండున్నర అయింది. ఇల్లంతా నిద్రపోతోంది, నాకు మాత్రం పొద్దున ఫ్లై ఫిషింగ్‌లో చేజారిపోయిన మూడు స్మాల్‌మౌత్ బాస్ చేపలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. పోయినందుకు బాధ లేదు. మూడూ ఒకేలా పోవడమే మింగుడుపడటం లేదు. చిన్నాడి లైన్ బరువెక్కడం, గట్టు మీంచి బావ "ఎత్తు, ఎత్తు!" అని అరవడం, వాడు రాడ్ పైకి ఎత్తడం, ఫ్లై (పురుగులానో చిన్న చేపలానో కనిపించేలా వెంట్రుకలు కట్టిన హుక్) నీళ్ళలోంచి ఎగిరొచ్చి వెనక చెట్టు కొమ్మకి చుట్టుకోవడం. మూడుసార్లూ ఇదే వరస.

బావది ట్రౌట్ చేపలు పట్టి అలవాటైన చెయ్యి. ట్రౌట్‌కి ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడ ఫ్లై 16వ నంబరుది (నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నది), హుక్ సన్నటి తీగ, ఫ్లైని కట్టే చివరి తాడు, అదే టిప్పెట్, దారమంత. రాడ్ ఎత్తితే కొస వంగి ఆ కుదుపుని తనలోకి తీసుకుంటుంది, దారం తెగదు, మెత్తటి నోట్లో సన్న హుక్ ఇట్టే దిగుతుంది. స్మాల్‌మౌత్ బాస్‌కి మనం కట్టేది 4వ నంబరు హుక్, లావు తీగ. ఆ చేప నోరు గట్టి. అక్కడ రాడ్ ఎత్తితే మన బలమంతా రాడ్ వంపులోనే ఖర్చయిపోతుంది, హుక్ మొన దాకా చేరేది బహు తక్కువ. పైగా ఎత్తిన ఫ్లై చేప ముందు నుంచి మాయమవుతుంది. అదే ఎడమ చేత్తో లైన్ లాగితే ఫ్లై కదిలేది జానెడో మూరెడో. ఆ పట్టు తప్పినా ఫ్లై ఇంకా దాని ఎదుటే ఉంటుంది. స్మాల్‌మౌత్ చాలాసార్లు వెనక్కి తిరిగొచ్చి మళ్ళీ కొడుతుంది. రెండో అవకాశం ఇచ్చే చేప అది. రాడ్ ఎత్తి ఆ అవకాశాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

ఇవాళ వర్జీనియాలోని షెనన్‌డోవా నది సౌత్ ఫోర్క్ పాయ చక్కగా ఉంది. సెప్టెంబరు కదా, నీళ్ళు తగ్గి తేటపడ్డాయి, రాతి వరసలన్నీ బయటపడ్డాయి. ఏడున్నరకి థర్మామీటర్ 70 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది, అంటే మన లెక్కలో 21. ఈ చేప బాగా తినే వేడి అది. ఈ ఏట్లో రాతి పలకలు చాలాచోట్ల ప్రవాహానికి అడ్డంగా గోడల్లా పరుచుకుని ఉంటాయి. పలక దిగువన నడుము లోతు గుంట, దాంట్లో నీళ్ళు నెమ్మదిగా తిరుగుతుంటాయి. వేగంగా పోయే నీళ్ళూ నెమ్మది నీళ్ళూ రాసుకునే అంచు ఒకటి ఉంటుంది, నురుగు గీతలా కనిపిస్తుంది. చేప ఆ గీతకి నెమ్మది వైపు నిలబడి, వేగం వైపు నుంచి కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. అందరూ పెద్ద బండకి దిగువనే వేస్తారు. ఎగువన కూడా నీళ్ళు బండని ఢీకొని మెత్తబడే చిన్న చోటు ఉంటుంది, ఒక్కోసారి పెద్ద చేప అక్కడే దొరుకుతుంది. ఇవాళ చిన్నాడికి తగిలిన రెండోది అలాంటి చోటే.

దాని మీద ఇంకో నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాను గానీ మనసు మళ్ళీ రాడ్ ఎత్తడం మీదికే పోతోంది.

అసలు ఎత్తే అలవాటు ట్రౌట్ వల్లే వచ్చిందా అంటే, మన చేతుల్లో అది అంతకుముందు నుంచీ ఉంది. గోదావరి కాలువ గట్టున గాలం వేసినవాళ్ళకి తెలుసు. వెదురు కర్ర, దానంత పొడవే తాడు, మధ్యలో బెండు, గాలానికి తడిమట్టిలోంచి తవ్విన ఎర్ర. బెండు టుక్కు టుక్కుమంటే కదలకూడదు, అవి పరిగెలు ఎర్ర చివర కొరుకుతున్నట్టు. బెండు పక్కకి నడిస్తే ఆగాలి. పక్కకి నడిచి ఏటవాలుగా ములిగితే అప్పుడు ఒక్క గుంజు, చేప గట్టు మీద. తాతయ్య మణికట్టు మాత్రమే కదిలేది, మోచెయ్యి పక్కటెముకకి అంటుకునే ఉండేది. నీటి మీదికి చాచిన కర్ర, దాని కొస కింద నిలువునా వేలాడే తాడు, తాడు కింద గాలం. కొస నుంచి గాలం దాకా ఒకే గీత కాబట్టి పైకి గుంజితే ఆ గుంజు నేరుగా గాలానికి చేరేది. మధ్యలో వదులు అంటూ లేదు. అందుకే అక్కడ ఎత్తడం తప్పు కాదు. నలభై అడుగుల లైన్ నీటి మీద పడుకున్నప్పుడు కొస ఎత్తితే ముందు ఆ లైన్ నీటిని వదిలి పైకి లేవాలి, వంపు తిన్నగా అవ్వాలి, ఆ తర్వాతే ఫ్లై. అంతసేపు చేప నోట్లో ఉంచుకోదు. క్రేఫిష్ (రొయ్యలాంటి ఏటి జీవి) అనుకుని పీలుస్తుంది, జింక వెంట్రుకలని తెలియగానే ఉమ్మేస్తుంది.

ఇది రాస్తుంటే అనుమానం వస్తోంది. బావనీ, ఆ కేకలనీ తిట్టుకుంటున్నాను గానీ, చిన్నాడు లైన్ లాగినా ఆ చేపలు పడేవా? గుర్తు తెచ్చుకుంటే, వాడి రాడ్ కొస నీటికి రెండడుగుల పైన ఉంది. కొస నుంచి నీటిదాకా లైన్ ఉయ్యాలలా వేలాడుతోంది. లాగిన మొదటి జానెడు ఆ ఉయ్యాల సరిచెయ్యడానికే సరిపోతుంది. పైగా మధ్య ప్రవాహం లైన్‌ని విల్లులా వంచేసింది, వాడు దాన్ని ఎగువకి తిప్పి వెయ్యలేదు. అంటే చేప ముట్టకముందే పని చెడింది. రాడ్ కొస నీటిని తాకుతూ ఉండాలి, అంగుళం మునిగినా మంచిదే. లైన్ కుడిచేతి చూపుడువేలి కిందనుంచి పోవాలి, ఎడమ చెయ్యి ఆ వేలి వెనకనుంచి లాగాలి. ఆరంగుళాలు లాగు, ఆపు, అడుగు లాగు, ఆపు. ఆపినప్పుడే ఫ్లై తల కిందకి దించి దిగుతుంది, దెబ్బ ఎక్కువగా అప్పుడే పడుతుంది. కాబట్టి ఆపడమంటే లైన్ వదులు చెయ్యడం కాదు. తర్వాతి లాగుడు బరువుగా తోస్తే అదే చేప. ఆపకుండా మోచెయ్యి వెనక్కి పోయేదాకా లాగేయాలి, చేప బరువు తెలిశాకే రాడ్ పక్కకి వంచాలి.

బావ మాట పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. రాళ్ళ మీద గలగలమనే పలచటి నీళ్ళలో నల్లటి హెల్‌గ్రమైట్ ఫ్లైని ఎగువకి వేసి, నీటి వేగానికే వదిలేస్తాం కదా. అది డాబ్సన్‌ఫ్లై పిల్ల, రాళ్ళ కింద రెండు మూడేళ్ళు బతుకుతుంది, రెండు మూడంగుళాలు పెరుగుతుంది, స్మాల్‌మౌత్‌కి మహా ఇష్టం. అక్కడ లైన్ మనవైపే కొట్టుకొస్తుంది. నీళ్ళెంత వేగంగా తెస్తే అంత వేగంగా పోగుచేసుకోవాలి, ఎంత చేసినా కాస్త వదులు మిగులుతుంది. ఆ వదులుని చేత్తో లాగి తీర్చలేం, రాడ్ కదపాల్సిందే. నిలువునా కాదు, నీటికి దగ్గరగా, దిగువవైపు పక్కకి. చేప ఎగువకి మొహం పెట్టి ఉంటుంది, మనం దిగువన ఉంటాం, అలా లాగితే హుక్ నోటి మూలకి పోతుంది. కాబట్టి పొద్దున నేను చిన్నాడికి "ఎప్పుడూ ఎత్తకు" అని చెప్పింది కూడా సగమే నిజం. రేపు సరిచెప్పాలి.

ఒళ్ళు మండే అసలు విషయం ఇంకోటి ఉంది, కొట్లో కొన్న క్లౌజర్ ఫ్లైలు. సొంతంగా కట్టుకునే తీరిక లేక అరడజను కొన్నాను. జింకతోక వెంట్రుకలు చీపురుకట్టలా కుక్కారు. ఈ ఫ్లైని 1987లో పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా ఏటి స్మాల్‌మౌత్ కోసం కట్టింది బాబ్ క్లౌజర్. దాని ప్రాణమంతా పలచదనంలో ఉంది. కింద తెల్ల వెంట్రుకలు, పైన పచ్చవో గోధుమరంగువో, మధ్యలో ఆరెనిమిది మెరుపు పోగులు. ఒక్కో కుచ్చు వేళ్ళతో నొక్కితే అగ్గిపుల్ల మందానికి మించకూడదు. తడిపి దీపానికి పెడితే వెలుగు అవతలికి కనిపించాలి. కుచ్చు ఒత్తయితే గాల్లో రాడ్‌ని అలసగొడుతుంది, నీళ్ళలో దిగదు, లాగినప్పుడు కర్రముక్కలా వస్తుంది.

ఇక కళ్ళు. డంబెల్‌లా రెండు గుండ్లుండే లోహపు కళ్ళని హుక్ కాడకి పైవైపున, లైన్ ముడివేసే హుక్ కన్ను నుంచి మూడోవంతు వెనక కట్టాలి. ఆ బరువుకే ఫ్లై తిరగబడి హుక్ మొన పైకి చూస్తుంది, రాళ్ళకి తక్కువ తగులుతుంది, చేప అంగిట్లో గుచ్చుకుంటుంది. నేను కొన్నవాటిలో రెండింటికి కళ్ళు వదులయ్యి పక్కకి తిరిగిపోయాయి. అడ్డంగా ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు వేసి, కింద అడుగున గట్టిగా బిగించి, జిగురు చుక్క వేస్తే అలా తిరగవు. బరువు కూడా చూసుకోలేదు, అన్నీ ఔన్సులో 24వ వంతువి. ఇవాళ్టి మోకాలి లోతు నీళ్ళకి 50వ వంతు చాలు, గుంటల్లోకి 36వ వంతు. ఇంత బరువువి ఆపగానే రాళ్ళ సందులో కూర్చుంటున్నాయి. కొనేటప్పుడు చూసుకోవాల్సింది నేనే, అయినా డబ్బు తీసుకుని కట్టేవాళ్ళకి ఆ మాత్రం శ్రద్ధ ఉండొద్దా.

ఆనందం లేదని కాదు. పది దాటాక పలక నీడలో చిన్నాడే పాపర్ (నీటి మీద తేలే ఫ్లై) వేసి ఒకటి పట్టాడు, పన్నెండంగుళాలు. ఫ్లై పడ్డాక ఉంగరాలు చెదిరిపోయేదాకా కదపలేదు. నీళ్ళు చిమ్మగానే గుంజకుండా లైన్ బిగిసేదాకా ఆగాడు. బాస్ ఎర్రకన్ను చూసి "బాగుంది" అని, నీళ్ళలోనే హుక్ తీసి వదిలేశాడు. ఈ చేప ఈ ఏటిది కాదని వాడికి చెప్పాను. 1854లో ఒహాయో నది పరీవాహకం నుంచి, షెనన్‌డోవా వెళ్ళి కలిసే పొటోమాక్ నదికి రైలింజన్ వెనక నీళ్ళ ట్యాంకులో తెచ్చిన కొద్దిపాటి చేపలతో ఇక్కడ దీని సంతతి మొదలైంది. వాడు వినలేదు, అప్పటికే ఎగువకి నడుస్తున్నాడు.

ఇంతసేపు రాడ్, లైన్, వెంట్రుకలు అంటున్నాను గానీ ఇప్పుడే బల్ల మీద చిన్నాడి ఫ్లై తీసి మొనని బొటనవేలి గోరుకి ఆనించి చూశాను. పదునుంటే గోట్లో పట్టుకోవాలి. జారిపోయింది. పొద్దుటినుంచీ రాళ్ళకి తగిలి మొన మొద్దుబారిందన్నమాట. బావ ఎత్తమన్నా, నేను లాగమన్నా, ఆ మొనతో పని అయ్యేది కాదేమో. మిగతా ఐదూ చూశాను, ఇంకో రెండూ జారాయి. సన్న ఆకురాయి గరాజ్‌లో ఎక్కడో ఉండాలి. తలుపు చప్పుడుకి అందరూ లేస్తారు, పొద్దున్నే చూస్తాను.