లాన్‌లో స్టీలు గ్లాసులు

విజయనగరంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందువైపు రెండు సెంట్లు వదిలేశాం. అక్కడ బెండ, వంగ వేద్దామని మా అత్తయ్య, లాన్ వేద్దామని మావారు. లాన్ గెలిచింది. డిసెంబరులో కడియం నర్సరీ నుంచి మెక్సికన్ గ్రాస్ పలకలు లారీలో దిగాయి. "పొలంలో గడ్డి పీకలేక నడుములు పడిపోయేవి మాకు. మీరు డబ్బులిచ్చి మరీ తెప్పించుకున్నారేటి!" అని అత్తయ్య ఆ పూటంతా అంటూనే ఉన్నారు.

సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ ఆ పచ్చదనం మీదే ఫొటోలు దిగారు. ఫిబ్రవరి దాకా నేనే పైపు పట్టుకుని తడిపాను. రోజూ ముప్పావుగంట. నాకు ఎనిమిదిన్నరకి స్కూలు. ఇక నావల్ల కాదు, స్ప్రింక్లర్లు పెట్టిద్దాం అన్నాను.

మొదట వచ్చినాయన లాన్ చుట్టూ ఒక్కసారి తిరిగి, వేళ్ల మీద లెక్కేసి, "ఐదు చాలు మేడం, పన్నెండు వేలవుద్ది" అన్నాడు. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి. పైపు మేడ మీది ట్యాంకుకి కలిపాడు. మోటారు వెయ్యక్కర్లేదు, కరెంటు మిగుల్తుంది అంటే మేమూ సంబరపడ్డాం. వాల్వు తిప్పితే నేలలోంచి పైకి లేవాల్సిన ఆ పాప్‌అప్‌లు సగం లేచి, చంటిపిల్లాడు పాలు కక్కినట్టు బుడబుడమని నీళ్లు కక్కాయి. మూరెడు దూరం కూడా చిమ్మలేదు. "కొత్తవి కదా, రెండు రోజుల్లో సెట్టవుద్ది" అన్నాడు. పది ఫోన్లు చేస్తే మళ్లీ వచ్చి, ట్యాంకు నుంచి తీసి నేరుగా బోరు మోటారుకి కలిపి వెళ్లాడు. అప్పుడు లేచాయి. బాగానే చిమ్మాయి కూడా. డబ్బులన్నీ ఇచ్చేశాను. అది నా తెలివి.

మార్చి ఆఖరికి నాలుగు అంచుల్లోనూ సరిగ్గా మధ్య భాగాల్లో గడ్డి ఎండుగడ్డి రంగుకి తిరిగింది. నీళ్లు చాలడం లేదనుకుని పొద్దున అరగంట, సాయంత్రం ఇంకో అరగంట మోటారు వేశాను. ఎండిన చోట ఎండుతూనే ఉంది. లాన్ మధ్యలో మాత్రం కాలు పెడితే చిత్తడి, కంచమంత గుండ్రటి గోధుమరంగు మచ్చలు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఫంగస్ తెగులు పడుతుందని నాకు అప్పటికి తెలీదు. గడ్డికి దాహమని నీళ్లు పోసి జబ్బు తెప్పించాను.

రెండో ఆయన గజపతినగరం వైపు మామిడి తోటలకి డ్రిప్పు బిగించే మనిషి. మా స్కూల్లో అటెండరు చెబితే పిలిచాను. వచ్చీ రాగానే, "ఎంతవుతుంది?" అన్నాను. "అప్పుడే ఏటి చెప్తానమ్మా! బకెట్టుందా? ఎన్ని లీటర్లది?" అన్నాడు.

20 లీటర్ల బకెట్టు. మోటారు వేసి, బయటి గొట్టం కింద పెట్టి, ఫోన్లో సెకన్లు చూశాడు. 30 సెకన్లకి నిండింది. అంటే మా బోరు నిమిషానికి 40 లీటర్లిస్తుంది. తర్వాత గ్లాసులు అడిగాడు, అన్నీ ఒక్కలాంటివి, అంచులు నిటారుగా ఉన్నవి. అత్తయ్య అల్మారాలోంచి పెళ్లినాటి స్టీలు గ్లాసులు పద్దెనిమిది వరసగా గడ్డిలో దిగాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి వాటిని లెక్కపెట్టుకుంటున్నారు. పావుగంట స్ప్రింక్లర్లు నడిపి, మా వాడి జామెట్రీ బాక్సులోని స్కేలు ముంచి చూస్తే, మధ్యలో ఉన్న గ్లాసులో 8 మిల్లీమీటర్లు, అంచు మధ్యలో ఉన్నదాంట్లో 2. ఒక గ్లాసుకైతే అడుగు తడిసిందంతే.

"ఏటమ్మా, ఇలగ పెట్టీసేరు? పదిహేనడుగులు చిమ్మేదాన్ని పదిహేనడుగులకొకటి పెట్టాలి. దీని నీళ్లు పక్కదాని మెడ దాకా తగలాలి" అన్నాడు. ట్యాంకు సంగతీ ఆయనే చెప్పాడు. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషరు. మా ట్యాంకు ఎత్తు ఇరవై అడుగులు, అర బార్ దాటి కొంచెం. ఈ పాప్‌అప్‌లకి రెండు బార్లు కావాలి.

మా లాన్ దాదాపు ముప్పై అడుగుల చదరం కాబట్టి తొమ్మిది కావాలి. పావు చుట్టే చిమ్మే మూలవి ఒక్కోటి నిమిషానికి మూడున్నర లీటర్లు తాగుతాయి, సగం చుట్టు చిమ్మే అంచువి 7, చుట్టూ చిమ్మే మధ్యది 14. అన్నీ ఒకేసారి తిప్పితే 56, బోరిచ్చేది 40. అందుకని పాత ఐదూ ఒక లైను, కొత్తగా అంచులకి పెట్టే నాలుగూ ఇంకో లైను. కాగితం మీద కూడితే రెండూ సరిగ్గా 28 చొప్పున వచ్చాయి. పాతవి పీకే పని లేదు. రెండు బాల్ వాల్వులు, ఒక ఫిల్టరు, పైపుతో కలిపి ఏడున్నర వేలన్నాడు. టైమరు అడిగితే, "ఇంత చిన్న లాన్‌కి ఎందుకమ్మా, చేత్తో తిప్పుకోండి" అన్నాడు. అమ్ముకునే అవకాశం వదులుకున్న మనిషిని నేనదే చూడటం.

పని చూడముచ్చటగా చేశాడు. గడ్డిని పారతో పలకలుగా కోసి, చపాతీలు లేపినట్టు లేపి గోనెసంచి మీద పేర్చాడు. కాలవ తీసి పైపు వేశాక, నీళ్లు చిమ్మే నాజిళ్లు బిగించకుండానే మోటారు వేశాడు. ముందు ఎర్రనీళ్లు, వెనకాల పైపు కోసిన తెల్ల రజను బయటికొచ్చాయి. "ఇది లోపలుండిపోతే రేపు చిల్లులు మూసుకుపోతాయి" అన్నాడు. సాయంత్రానికి గడ్డి పలకలు తిరిగి పరిచి, కాలితో తొక్కి వెళ్లాడు. డబ్బులు సగమే తీసుకున్నాడు. వారం తర్వాత మళ్లీ గ్లాసులు పెట్టి చూశాకే మిగతా సగం.

ఇప్పుడు లెక్క సులువు. చదరపు మీటరుకి ఒక లీటరంటే ఒక మిల్లీమీటరు. మాది దాదాపు 80 చదరపు మీటర్లు. మండే ఎండల్లో రోజుకి 5 మిల్లీమీటర్లంటే 400 లీటర్లు, ఒక్కో లైనుకి ఏడు నిమిషాలు! నేనేమో పూటకి అరగంట. రోజు విడిచి రోజు పద్నాలుగు నిమిషాలిస్తే వేరు లోతుకి దిగుతుందని ఆయనే చెప్పాడు. తెల్లారి ఐదింటికి వాల్వు తిప్పుతాను. సాయంత్రం నీళ్లు మానేశాక మచ్చలు పెరగడం ఆగింది. మిషన్‌తో మరీ నున్నగా కోయించడం కూడా మానేశాం, మూడో వంతుకి మించి ఎత్తు తియ్యనివ్వను.

జూన్ వానలకి అంచులు కూడుకున్నాయి. ఒక్క ఈశాన్య మూలలో మాత్రం మెక్సికన్ గ్రాస్ కన్నా ముందు గరిక అల్లుకుంది. మొన్న ఆదివారం పీకుతుంటే అత్తయ్య కాఫీ గ్లాసుతో వచ్చారు. "ఆ మూల ముట్టుకోకు. చవితికి బజార్లో కట్ట కొనక్కర్లేదు."