మూలన కూర్చున్న రాజు

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రాగిరేకు మీద చేసిన ‘మొర్దెకై విజయం’ ప్రింట్‌ను నిన్న రాత్రి జూమ్ చేసి చాలాసేపు చూశాను. సుమారు 1641 నాటి పని. బైబిల్‌లోని ఎస్తేరు కథ ఇది: తన ప్రాణం కాపాడిన మొర్దెకై అనే యూదుణ్ని పర్షియా రాజు ఊరేగించి గౌరవిస్తాడు. రాజు అహష్వేరోషు ఎక్కడా అని వెతకాల్సి వచ్చింది. కుడి పక్కన పైన, ఎస్తేరు రాణితో కలిసి, పలచని గీతల్లో ఉన్నాడు! కానీ ఆయన అధికారమంతా కింద నడుస్తోంది. రాజవస్త్రం, రాజదండం, గుర్రం మొర్దెకైవి. అతన్ని ఉరి తీయించాలనుకున్న మంత్రి హామానే ముందు నడుస్తూ చేయి చాచి చాటుతున్నాడు. జనం మోకరిల్లుతున్నారు. వెనక పెద్ద కమాను. సూదితో నేరుగా గీసిన చోట సిరా చిక్కగా, మఖమల్‌లా నల్లగా దిగింది. మామూలుగా సింహాసనం మధ్యలో పెట్టి రాజును పెద్దగా గీస్తారు. నాకు మాత్రం ఇదే ఎక్కువ గుబులు పుట్టించింది. ఆయన లేవనైనా లేవలేదు, ఒక్క మాటతో హామాను ఆ గుర్రం ముందు నడుస్తున్నాడు.