చెకిన్ బెల్టు మలుపు తిరిగాక

మా చుట్టాల్లో ఎవరైనా అమెరికాకో దుబాయ్‌కో బయల్దేరుతున్నారంటే నాకు ఫోన్ ఖాయం. "అమ్మాయ్, నువ్వు ఎయిర్‌పోర్టులోనే కదా చేసేది! పెట్టె రెండు కేజీలు ఎక్కువొచ్చింది, కౌంటర్లో ఎవరికైనా ఒక మాట చెప్పవే" అంటారు. బరువు చూసేది ఎయిర్‌లైన్ వాళ్ళు పిన్నీ, నాకూ కౌంటర్‌కూ సంబంధం లేదంటే నమ్మరు. మరి నువ్వు చేసేదేంటి అని అడుగుతారు. ఫోన్లో అంతా చెప్పలేక దాటేస్తుంటాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మీ పెట్టెకు ట్యాగ్ కట్టి బెల్టు మీద పెట్టాక అది మలుపు తిరిగి గోడ వెనక్కి పోతుంది చూశారా, అక్కణ్ణుంచి విమానం దగ్గరికెళ్ళే ట్రాలీ ఎక్కేదాకా సాగే దారి మాది. అందులోనూ నాది ఒక ముక్క. పెట్టెల్ని స్కాన్ చేసే యంత్రాలు, వాటిని బెల్టులతో కలిపే కంట్రోల్స్ చూస్తాను. ఏ ఎయిర్‌పోర్టో రాయను, రాయకూడదు కూడా. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు చెకిన్‌కి ముందే ఎక్స్‌రే దగ్గర లైన్లో నిలబడితే పెట్టెకు ప్లాస్టిక్ పట్టీ బిగించి ఇచ్చేవాళ్ళు. చాలా చోట్ల ఆ లైను పోయింది. పని అంతా గోడ వెనక్కి మారింది కాబట్టి నాలాంటివాళ్ళు ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, మొదట జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేశాను. అక్కడా బెల్టులే, ఇక్కడా బెల్టులే కదా అని ధైర్యంగా వచ్చాను. అక్కడ బెల్టు మీంచి సున్నపురాయి జారితే పారతో ఎత్తి మళ్ళీ పోసేవాళ్ళు. ఏ రాయి ఎక్కడిదని ఎవరూ అడగరు. ఇక్కడ ప్రతి పెట్టెకూ పది అంకెల నంబరుంటుంది. మొదటి అంకె వదిలేస్తే తర్వాతి మూడూ ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియాకి 098, ఇండిగోకి 312, ఎమిరేట్స్‌కి 176. మిగతా ఆరూ ఆ పెట్టె సొంత నంబరు. ఈసారి మీ ట్యాగ్ చూసుకోండి.

దారిలో లేజర్ స్కానర్ ఆ నంబరు చదువుతుంది. బెల్టుకు అమర్చిన ఎన్‌కోడర్ పంపే పల్సుల్ని బట్టి బెల్టు ఎంత జరిగిందో పీఎల్‌సీ, అంటే బెల్టుల్ని నడిపించే కంప్యూటర్, లెక్క వేసుకుంటుంది. అక్కడక్కడా ఫోటోసెల్స్, అంటే ఏదైనా అడ్డొస్తే వెలుతురుతో పసిగట్టే సెన్సర్లు, ఉంటాయి. ఫలానా పెట్టె ఫలానా పల్సు దగ్గర ఈ సెల్ ముందుకు రావాలి. కాస్త అటూ ఇటూ అయినా ఊరుకుంటుంది. అసలు రాకపోయినా, మరీ ముందే వచ్చినా, ఉన్నట్టుండి పొడవు మారినా దాని గుర్తింపు పోయినట్టే. స్కానర్ "ఇందులో ఏమీ లేదు" అని ఇచ్చిన తీర్పూ దాంతోపాటే చెల్లకుండా పోతుంది. బెల్టు మీద ఎవరో ఒకసారి చేత్తో పెట్టె సర్దినా చాలు, పీఎల్‌సీ దాన్ని విమానం వైపు పంపదు. మళ్ళీ స్క్రీనింగ్‌కే తిప్పుతుంది. తెలియకపోతే ఆపు. ప్రోగ్రామ్‌లో ఈ నియమం రాయడం తేలికే. రద్దీ వేళ మనుషుల మధ్య దాన్ని నిలబెట్టడంలో ఉంది అసలు పని.

ఇక స్కానర్ సంగతి. ఆసుపత్రిలో సీటీ స్కాన్ లాంటిదే. ఎక్స్‌రే ట్యూబు, డిటెక్టర్లు ఉన్న చక్రం పెట్టె చుట్టూ గిర్రున తిరుగుతుంది. తేడా ఏంటంటే మనిషిని కదలకుండా పడుకోమంటారు, పెట్టె మాత్రం బెల్టు మీద పోతూనే ఉండాలి. ఎయిర్‌పోర్టుల కోసం చేసిన ఇలాంటి యంత్రానికి, ఇన్‌విజన్ కంపెనీ వాళ్ళ సీటీఎక్స్ 5000కి, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1994లో సర్టిఫికెట్ ఇచ్చింది. ఎక్స్‌రే తెర మీద మీకు కనిపించే నారింజ, ఆకుపచ్చ, నీలం రంగులు సామాన్లవి కావు. తిండి, బట్ట, ప్లాస్టిక్ లాంటివి నారింజ, లోహాలు నీలం, ఆ రెంటికీ నడిమివి ఆకుపచ్చ. సీటీ ఇంకో అడుగు ముందుకెళ్ళి ఏ ముద్ద ఎంత దట్టంగా ఉందో కూడా కొలుస్తుంది.

మన చిక్కంతా ఇక్కడే. తేలిక మూలకాలతో దట్టంగా, ముద్దగా ఉన్నదేదైనా యంత్రానికి అనుమానమే. చాక్లెట్లు, జున్నుతో విదేశాల్లో వాళ్ళకి వచ్చే తలనొప్పి మాకు నెయ్యి పోసి గట్టిగా చుట్టిన సున్నుండలతో, బెల్లం దిమ్మలతో, డబ్బాల్లో కూరిన పచ్చళ్ళతో వస్తుంది. పూతరేకులు ఎప్పుడూ ఇబ్బంది పెట్టిన గుర్తు లేదు. యంత్రం అలారం కొట్టగానే ఆ బొమ్మ కంట్రోల్ రూములో స్క్రీనర్ ముందుకెళ్తుంది. కొన్ని సెకన్లలో తేల్చాలి. మన స్క్రీనర్లకి సున్నుండ ఆకారం బాగా అలవాటు, చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలనివాటిని గుడ్డముక్కతో తుడిచి, పేలుడు పదార్థాల జాడ పట్టే ట్రేస్ డిటెక్టర్లో ఆ ముక్కను పెడతారు. అప్పటికీ అనుమానం తీరకపోతే, లేదా పవర్ బ్యాంకో లైటరో కనిపిస్తే, లెవెల్ ఫోర్ గదికి పెట్టె యజమానిని పిలిపించి వాళ్ళ ముందే తెరుస్తారు.

ఆ గది పక్కనుంచి వెళ్తే మనసు ఒక్కోసారి అదోలా అయిపోతుంది. మొదటిసారి విమానం ఎక్కబోతున్నవాళ్ళు, మైకులో పేరు వినగానే ఏం తప్పు చేశామోనని వణుకుతూ వస్తారు. ఒకసారి జగిత్యాల వైపునుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కూతురి కాన్పుకి మస్కట్ వెళ్తోంది. ఆమె పెట్టెలో చిన్న రాతి రోలు, పొత్రం, దాని చుట్టూ ఎండుకొబ్బరి చిప్పలు. రాయి ఎక్స్‌రేకి సరిగ్గా లొంగక అక్కడంతా ముదురు మచ్చగా ఉంది. "రాయికేమైతది బిడ్డా, మిక్సీల నూరితె బాలింతకు రుచుండది" అందామె స్క్రీనర్‌తో. రోలు వెళ్ళింది. ఎండుకొబ్బరి ఆగిపోయింది. నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని, మన దేశంలో విమానయాన భద్రత చూసే బీసీఏఎస్ దాన్ని నిషేధిత జాబితాలో పెట్టింది. ఎంత చెప్పినా చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. 2022లో శబరిమల భక్తుల కోసం ఇరుముడిలోని కొబ్బరికాయను చేతి సంచీతో తీసుకెళ్ళడానికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. అదీ ఆ సీజన్‌కే, 2023 జనవరి 20 దాకానే.

ఇంత హైరానా ఎందుకని అడిగే కొత్త కుర్రాళ్ళకి నేను ఎయిర్ ఇండియా విమానం కనిష్క సంగతి చెప్తాను. 1985 జూన్ 22న వాంకూవర్‌లో ఒక సూట్‌కేసు చెకిన్ అయింది. ఇచ్చినవాడు విమానం ఎక్కలేదు. పెట్టె మాత్రం టొరంటో చేరి ఎయిర్ ఇండియా విమానంలోకి మారింది. టొరంటోలో సామాను చూస్తున్న ఎక్స్‌రే యంత్రం ఆ సాయంత్రం మధ్యలో చెడిపోయింది. మిగతా పెట్టెల్ని పీడీ-4 అనే, చేత్తో పట్టుకునే పరికరంతో చూసి పంపేశారు. మర్నాడు ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో, 31,000 అడుగుల ఎత్తులో విమానం పేలిపోయింది. 329 మంది పోయారు. అదే రోజు జపాన్‌లోని నరిటాలో, మరో ఎయిర్ ఇండియా విమానం ఎక్కాల్సిన పెట్టె పేలి ఇద్దరు బ్యాగేజీ కార్మికులు చనిపోయారు. వాళ్ళు మా దారిలో పనిచేసేవాళ్ళే. కెనడా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జాన్ మేజర్ (బ్రిటన్ ప్రధాని కాదు, పేరు ఒకటే) కమిషన్ 2010లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది.

యంత్రం బాగుంటే ఆ పెట్టె దొరికేదా? ఆ కాలపు ఎక్స్‌రేతో దొరికేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. నన్ను వదలనిది ఆ ప్రశ్న కాదు. యంత్రం ఆగింది, విమానానికి టైమవుతోంది, చేతిలో ఏదో ఒక పరికరం ఉంది. ఆ సాయంత్రం అక్కడున్నవాళ్ళకి కలిగిన తొందర నాకు బాగా తెలిసిన తొందర. ఆ తర్వాత 1988లో స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద, పెట్టెలో పెట్టిన బాంబుకి మరో విమానం పేలి 270 మంది పోయారు. అంతర్జాతీయ విమానాల్లో వెళ్ళే ప్రతి చెకిన్ పెట్టెనూ స్కాన్ చేసి తీరాలన్న ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధన అమల్లోకొచ్చేసరికి 2006 జనవరి 1 అయింది.

కిందటి వానాకాలంలో ఒక రాత్రి మా స్కానర్లలో ఒకటి ఆగిపోయింది. గల్ఫ్, యూరప్ విమానాలన్నీ మనకి అర్ధరాత్రి దాటాకే కదా, సరిగ్గా ఆ రద్దీలోనే. స్క్రీన్ మీద "ఎగ్జిట్ జామ్" అని వస్తోంది. లోపల చూస్తే పెట్టే లేదు, ఏమీ లేదు. రీసెట్ చేస్తే కాసేపు నడిచి మళ్ళీ అదే. మిగతా స్కానర్ల ముందు పెట్టెలు పేరుకుపోతున్నాయి. ఒక ఎయిర్‌లైన్ డ్యూటీ మేనేజర్ వచ్చి, "మేడమ్, ఎగ్జిట్ సెన్సర్ ఒక్కటే కదా ప్రాబ్లమ్, దాన్ని బైపాస్ చేసెయ్యండి" అన్నారు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో అయితే నేనే ఆ పని చేసేదాన్ని. సెన్సర్ మొరాయిస్తే జంపర్ (దాన్ని తప్పించే వైరు ముక్క) వేసి లైను నడిపించడం అక్కడ పెద్ద పనితనం. తెల్లారాక షిఫ్ట్ ఇంజినీర్ భుజం కూడా తడతాడు. ఇక్కడ ఆ ఫోటోసెల్‌కి జంపర్ వేస్తే బెల్టు కదులుతుంది, కానీ ఏ తీర్పు ఏ పెట్టెదో లెక్క తప్పుతుంది. ఒక్క పెట్టె జరిగినా అనుమానం ఉన్నది విమానానికీ, సున్నుండల పెట్టె లెవెల్ ఫోర్‌కీ పోవచ్చు.

అలాంటప్పుడు నేను చేయగలిగింది ఒకటే, ఎంతసేపు పడుతుందో నిజం చెప్పడం. "ఐదు నిమిషాలు సార్" అనడం మనందరికీ నోటి అలవాటు. ఆ ఐదు నిమిషాలు నమ్మి వాళ్ళు వేరే ఏర్పాటు చేసుకోకుండా కూర్చుంటారు, తర్వాత టెన్షన్ రెట్టింపవుతుంది. నేను గంట అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళి, సెక్యూరిటీ ఇన్‌చార్జ్‌తో మాట్లాడి, తర్వాత బయల్దేరే విమానాల సామాను ఆపించి ముందు వెళ్ళేవాటిని మిగతా స్కానర్లకి మళ్ళించారు. ఒక విమానం ఆలస్యమైంది. ఆ విషయం మీద తర్వాత మీటింగులూ అయ్యాయి, వాటి గురించి రాసేంత ఏమీ లేదు.

పవర్ తీసి, తాళం వేసి, తలుపులు విప్పి చూస్తే కారణం చేతికే దొరికింది. రేడియేషన్ బయటికి రాకుండా స్కానర్‌కి రెండు వైపులా సీసం నింపిన బరువైన తెరలు వేలాడుతుంటాయి. వాటిలో ఒక పట్టీ సగానికి చిరిగి, పెట్టె వెళ్ళినప్పుడల్లా ఊగి వచ్చి ఫోటోసెల్‌కి అడ్డం పడుతోంది. యంత్రం లెక్క ప్రకారం అక్కడ ఒక పెట్టె ఎప్పటికీ కదలకుండా ఉంది. పట్టీ మార్చి, మీటర్‌తో రేడియేషన్ చూసి, టెస్ట్ బ్యాగ్ నడిపి పాసయ్యాక లైను అప్పగించాం. గంట కంటే కాస్త తక్కువే పట్టింది. చిరిగిన పట్టీకి ఒక బ్యాక్‌ప్యాక్ నడుము బెల్టు తాలూకు ప్లాస్టిక్ బకిల్ చిక్కుకుని ఉంది.

ఈ ఉద్యోగంలో నాకు దొరికే రుజువులన్నీ ఇలాంటివే. రోలర్ల మధ్య సూట్‌కేసు చక్రాలు, జిప్పు పిడులు, చిరిగిన ట్యాగులు. కారప్పొడి ప్యాకెట్ పగిలిన రోజు టీమంతా తుమ్ములే. ఆవకాయ నూనె ఫోటోసెల్ అద్దం మీద పడితే ఒకసారి తుడిస్తే పోదు. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ అట్టపెట్టెల చుట్టూ వరసలు వరసలుగా కట్టే నైలాన్ తాళ్ళని నేనేమీ అనను. ఊరిదాకా చేరాలంటే అవి ఉండాల్సిందే. వాటిని ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టి పంపమని కౌంటర్ వాళ్ళకి మేమే చెప్తాం. బ్యాక్‌ప్యాక్‌ని చెకిన్‌లో వేసేవాళ్ళు మాత్రం దయచేసి ఆ వేలాడే పట్టీలన్నీ లోపలికి దోపండి. పచ్చడి డబ్బా మూతకి టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టండి. పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే ఉండాలి. బుకింగ్‌లో ట్రావెల్ ఏజెంట్‌ది కాకుండా మీ ఫోన్ నంబరే ఇవ్వండి. లెవెల్ ఫోర్‌కి పిలవాల్సివస్తే ముందు దానికే చేస్తారు.