ఊరి కుంటలో మొక్కలు నాటాం, కోస్తూనే ఉన్నాం

మా ఊరు ప్రకాశం జిల్లాలో టంగుటూరు వైపు. ఊరికి దక్షిణాన రెండెకరాల కుంట ఉంది. ఆ నీళ్ళు తాగం, తాగడానికి క్యాన్లు వచ్చి చాలా ఏళ్ళయింది. కానీ గేదెలు దిగేది అందులోనే, బట్టలు ఉతికేది అక్కడే. ఏటా చేపల పాట పెట్టి పంచాయతీ నాలుగు రూపాయలు చూసుకునేదీ దాని మీదే. కట్ట పక్క బోర్లలోకి ఊరేదీ ఆ నీరే. అట్లాంటి కుంట కొన్నేళ్ళుగా ఎండలు ముదిరేసరికి చిక్కటి ఆకుపచ్చకు తిరిగి, పైన తెట్టు కట్టి, కట్ట మీద నడవలేనంత కంపు కొట్టేది. 2023 వేసవిలో ఒక తెల్లవారుజామున చేపలు గుట్టలుగా తేలాయి. ఆ తర్వాతే మేం కొంతమందిమి కలిసి, మొక్కలతో దాన్ని బాగుచేసుకునే పనిలో దిగాం. మీ ఊళ్ళోనూ ఇట్లాంటి కుంట ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నేను రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా పనిచేస్తాను. చేపలు చచ్చిన రోజు ఊళ్ళో అందరూ ‘ఎవడో మందు కలిపాడు’ అన్నారు. నాకు మాత్రం చూడగానే డీఓ పడిపోయిందని అనిపించింది. నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్‌నే మా ఆక్వా వాళ్ళం డీఓ అంటాం. పచ్చటి నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. నాచు మరీ ఎక్కువైతే తెల్లవారేసరికి చేపకు ఏమీ మిగలదు. అందుకే చావులన్నీ కోడి కూసే వేళకే జరుగుతాయి. చేపల చెరువుకు లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉండాలి. చుక్కలు వేసి డీఓ కొలిచే కిట్ తీసుకుని చీకటితో వెళ్ళి చూస్తే మా కుంటలో ఒకటి కూడా లేదు. అదే రోజు మధ్యాహ్నం చూస్తే డీఓ దండిగా ఉంది, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) తొమ్మిది దాటింది. పీహెచ్ అంత పెరిగితే నీళ్ళలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. పొద్దున ఒక దెబ్బ, మధ్యాహ్నం ఇంకో దెబ్బ.

రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నప్పుడు మా వీధి పెదనాన్న ఒకాయన, “మైలుతుత్తం చల్లరా అబ్బాయ్, రెండ్రోజుల్లో తేటబడుద్ది” అన్నాడు. తేటపడే మాట నిజమే. కానీ చచ్చిన నాచు అడుక్కు దిగి కుళ్ళుతుంది, కుళ్ళేటప్పుడు ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. నాచుకు మేత పెట్టిన ఎరువు మాత్రం నీళ్ళలోనే ఉంటుంది, నెల తిరక్కుండా మళ్ళీ పచ్చబడుతుంది. పైగా మైలుతుత్తంలోని రాగి అడుగు మట్టిలో పేరుకుపోతుంది. ఈ సంగతి ఆయనకు విడమరిచి చెబితే, “మరి ఆ ఎరువు యాడి నుంచి వస్తుందో అది చూడు” అన్నాడు. పని అక్కడే మొదలైంది.

కట్ట చుట్టూ తిరిగి చూస్తే మూడు దారులు తేలాయి. దక్షిణపు వీధుల సైడు కాలవ నేరుగా కుంటలో కలుస్తుంది. అందులో సబ్బు నీళ్ళు, కుడితి, కొట్టాల్లో కడిగిన పేడ నీళ్ళు ఉంటాయి. రెండోది, వానలప్పుడు పైచేల నుంచి డీఏపీ, యూరియా కడుక్కొని వచ్చే నీరు. మూడోది, చేపల పాట పాడుకున్నాయన మేతగా దిమ్మరించే కోళ్ళ పెంట. ఈ మూడింటి నుంచీ నత్రజని, భాస్వరం నీళ్ళలోకి చేరుతున్నాయి.

మొక్కలు అనగానే అందరి మనసూ కట్ట మీద చెట్ల మీదికి పోతుంది. కట్ట కోసుకుపోకుండా కానుగలు, తాటిచెట్లు మంచివే గానీ నీళ్ళు బాగుపడేది వాటితో కాదు. నీళ్ళ మీదికి వంగిన చెట్టయితే ఆకు రాల్చి ఇంకాస్త కుళ్ళు కలుపుతుంది. మనకు కావాల్సింది మురుగు కుంటలోకి దిగే నోటి దగ్గర, వేళ్ళు ఆ మురుగులోనే పెట్టుకుని బతికే మొక్క.

ముందు సైడు కాలవ చివర రెండు మడ్డి గుంటలు తవ్వించాం. మట్టి పనికి పంచాయతీ ఉపాధి హామీలో చోటు ఇచ్చింది. వచ్చిన నీళ్ళు అక్కడ కాసేపు నిలిచి ఇసుక, పేడ, చెత్త కిందికి దిగుతాయి. ఇవి లేకుండా నేరుగా మొక్కల మడిలోకి వదిలితే ఒక్క వానకే మడి పూడిపోతుంది. ఆ తర్వాత ఇరవై అడుగుల మడి. అడుగున కంకర, మురుగు వచ్చే వైపు జమ్ము, మధ్యలో తుంగ, కుంట వైపు మెట్టతామర. జమ్ము, తుంగ కాలవ గట్ల మీద ఊరికే దొరికాయి. మెట్టతామర దుంపలు ఇళ్ళ ముందు పెంచుకునే వాళ్ళే తలా కాసిని ఇచ్చారు.

మొక్క మురుగును తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. అది తాగేది కొంతే. అసలు పని చేసేది వేళ్ళనూ కంకరనూ పట్టుకుని పెరిగే సూక్ష్మజీవుల జిగురు పొర. జమ్ము లాంటి మొక్క గాలిని కాడలో నుంచి వేళ్ళ దాకా దింపుతుంది. ఆ గాలి తగిలిన చోట బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. గాలి తగలని లోపలి పొరల్లో వేరే రకం బ్యాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. అట్లా నత్రజనికి గాలిలోకి పోయే దారి ఉంది. భాస్వరానికి ఆ దారి లేదు. అది మడ్డిలో దిగాలి, లేకుంటే మొక్కలోకి ఎక్కాలి. మొక్కలోకి ఎక్కినదాన్ని మనం కోసి, మోసి, కుంటకు దూరంగా తీసుకుపోతేనే అది నీళ్ళ నుంచి వెళ్ళినట్టు లెక్క. కోయకుండా వదిలేస్తే ఆకు ఎండి నీళ్ళలో పడి, ఎక్కినదంతా మళ్ళీ దిగుతుంది.

ఇంత పొడుగున చెప్పడానికి కారణం ఉంది. మొక్కలు నాటి ఫొటో దిగాక చాలా చోట్ల పని ఆగిపోతుంది. రెండేళ్ళకు జమ్ము పెరిగి, పడి, కుళ్ళి, ‘మొక్కలు పెట్టాకే కుంట చెడింది’ అన్న మాట మిగులుతుంది. నాకు ఆ మాట మా ఊళ్ళో పుట్టకూడదనిపించింది.

కుంట లోపలికి తెప్పలు కట్టాం. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో ఇట్లా నీటి మీద తేలే మొక్కల మడి పెట్టారు, ఆలోచన అక్కడిదే. సామాను మాత్రం మన దగ్గరిదే. రొయ్యల చెరువుల్లో పాడైపోయిన ఏరేటర్ల (నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాల) ఫ్లోట్లు మూలన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. వాటి మీద వెదురు బొంగులు చట్రంగా కట్టి, పాత వల బిగించి, చిల్లులు పెట్టిన చిన్న డబ్బాల్లో కొబ్బరి పీచు కూరి వట్టివేరు పిలకలు పెట్టాం. మట్టి వెయ్యలేదు, వేస్తే బరువు, పైగా కరిగి నీళ్ళలోకి పోతుంది. దుబ్బును రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకును జానెడు మిగిల్చి కత్తిరించి, వేరును చేతి నాలుగు వేళ్ళంత పొడుగు ఉంచి నాటాలి. వట్టివేరు గింజతో విచ్చలవిడిగా పాకదు, పిలకతోనే పెరుగుతుంది, కాబట్టి ఊరంతా అల్లుకుంటుందన్న భయం లేదు. తెప్పలన్నీ కలిపినా కుంటలో పదోవంతు కూడా కప్పలేదు. నీళ్ళకు గాలీ వెలుతురూ తగలాలి.

ఇక్కడే ఒక అన్న, “ఇంత కష్టమెందుకు, గుర్రపుడెక్క వేస్తే దానంతటదే పెరుగుద్ది గదా” అన్నాడు. అది మురుగును బాగానే పీలుస్తుంది, నిజం. అయితే రెండు వారాల్లో రెండింతలు కాగలదు. కుంటంతా కప్పేసి కింద చీకటి చేస్తుంది. మనం కోసే వేగం దాని పెరుగుదలను ఎన్నటికీ అందుకోలేదు. మా కుంటలో ఒక మూల ఉన్న కాస్త డెక్కను కూడా వేళ్ళతో సహా లాగి ఎండబెట్టించాం.

నాటిన వారానికే గేదెలు మెట్టతామర లేత ఆకు మొత్తం మేసేశాయి. గేదెల్ని ఆపడమంటే మనుషులతో తగువు. అందుకని పడమటి వైపు వాటికి వేరే రేవు చదును చేసిచ్చి, మడి చుట్టూ చిల్లకంప వేశాం. రేవు ఇచ్చాక తగువు రాలేదు. ఆడవాళ్ళు దోమలనీ పాములనీ భయపడ్డారు. ఆ భయం కొట్టిపారేసేది కాదు. దోమ గుడ్డు పెట్టేది కదలని నీళ్ళలో, చేప చొరబడని గుబురులో. మడిలో నీరు నిలవకుండా పారేట్టు వాలు సరిచేసి, నడిచే వైపు జమ్మును పలచన చేసి, అంచున బారెడు వెడల్పు ఖాళీ ఉంచాం.

చేపల పాట విషయం అన్నిటికంటే కష్టమైంది. పాట పాడినాయన డబ్బు కట్టాడు, పెంట వద్దంటే చేప బరువెక్కదంటాడు. ఆయన కోణంలో అదీ న్యాయమే. చివరికి సర్పంచి గారు తర్వాతి పాటలోనే షరతు చదివించారు: కోళ్ళ పెంట, పచ్చి పేడ వెయ్యకూడదు, తవుడు, నూనె తీసిన గింజల చెక్క వేసుకోవచ్చు. పాట కాస్త తగ్గిపోయింది. పంచాయతీ ఆ తగ్గుదలను ఒప్పుకున్న రోజు నాకు కుంట బాగుపడుతుందన్న నమ్మకం కలిగింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి ఒక తెప్ప తాడు తెగి కట్టకు కొట్టుకుని విరిగింది. మిగతావి నిలిచాయి. మాకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనంలోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కుంట నిండితే మట్టం మనిషెత్తు లేస్తుంది. అందుకే ఇసుక మూటలకు కట్టిన తాళ్ళు వదులుగా ఉంచి, రెండు వైపులా కడుతున్నాం. వరద నీరు మడిని పెళ్ళగించకుండా పక్క నుంచి పోయేట్టు ఒక కాలవ కూడా తీశాం.

నీళ్ళు దిగాక ఆ విరిగిన తెప్పను గట్టుకు లాగి తిరగేశాం. వేళ్ళు మూరెడు పొడుగున గుబురుగా వేలాడుతున్నాయి. తెల్లగా ఉండాల్సిన వేరంతా గోధుమ రంగు జిగురుతో కప్పి ఉంది. చేత్తో దూస్తే మెత్తటి బురద వచ్చింది, అందులో తూనీగ పిల్లలు, నత్తలు, కంటికి ఆనీ ఆనని చిన్న రొయ్య పిల్లలు కదులుతున్నాయి. నేను చెప్పిన బ్యాక్టీరియా మాట అంతవరకూ నమ్మనివాళ్ళు కూడా కూర్చుని చూశారు.

కోత ఏడాదికి రెండుసార్లు పెట్టుకున్నాం, వానలకు ముందు ఒకటి, సంక్రాంతి దాటాక ఒకటి. జమ్మును నీటి మట్టానికి పైన కోయాలి. నీళ్ళలో మునిగేట్టు కోస్తే మోడుకు గాలి అందక చచ్చిపోతుంది. అది కుంట లోపలికి పాకిన చోట కావాలనే అట్లా కోస్తాం. వట్టివేరు ఆకు మోకాలెత్తు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. లేత ఆకు పశువులకు, ముదురుది పాదుల్లో కప్పడానికి, మెట్టతామర కాడలు ఎరువు గుంటకు. డ్వాక్రా గ్రూపు వాళ్ళు ఆ ఎరువు తమకే అన్న ఒప్పందం మీద కోతకు వస్తున్నారు. ఎరువు కోసమే అయినా, ఆ కోత ఆగకపోవడమే మా కుంటకు ప్రాణం. మడ్డి గుంటలు కూడా ఏటా ఎండల్లో తోడాలి.

ఫలితం సంగతి. తాడుకు తెల్ల స్టీలు పళ్ళెం కట్టి దించి చూస్తాను, కనిపించకుండా పోయే లోతే లెక్క. మొదట జానెడు లోపలే మాయమయ్యేది, ఇప్పుడు మూరెడు దాటుతోంది. తెల్లవారుజాము డీఓ నాలుగుకు అటూ ఇటూగా ఉంటోంది, మే నెలలో మాత్రం తగ్గుతుంది. కంపు లేదు. ఆ తర్వాత వచ్చిన వేసవుల్లో చేపలు తేలలేదు.

మొక్కలు చెయ్యలేనివి కూడా చెప్పాలి. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలతల్లో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ (మురుగు కుళ్ళడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కోలిఫాంలు (పేడ, మలం నుంచి చేరే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. పేడ నీరు చేరే కుంట ఈ ఆఖరి కొలతకు లోబడి ఉండటం కష్టం, కాబట్టి నీళ్ళు తేటగా ఉన్నాయని పిల్లల్ని దించొద్దని అందరికీ చెబుతున్నాను. ఉప్పుదనాన్ని, ఫ్లోరైడును ఈ మొక్కలు తియ్యలేవు. ఫ్లోరైడు బాధ ఉన్న కనిగిరి వైపు చుట్టాలు బోరు నీళ్ళకు ఇది పనిచేస్తుందా అని అడిగారు, పనిచెయ్యదని చెప్పాను.

ఉత్తరం వైపు కొత్త ఇళ్ళ కాలవ ఇంకా నేరుగానే కలుస్తోంది. ఈ వేసవిలో అక్కడా మడ్డి గుంటలు తవ్వాలని పంచాయతీలో రాయించాం, మడికి స్థలం విషయం ఇంకా తేలలేదు. వట్టివేరు దుబ్బులు ఇప్పుడు బాగా కట్టాయి. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు పిలకలు కావాలంటే వానలకు ముందు కోతప్పుడు తడి గోనెసంచి తెచ్చుకుని రండి, డబ్బులేమీ అక్కర్లేదు.