మైనస్ 5 అన్నారు, 8కే వణికాను

వంజంగిలో మబ్బుల సముద్రం చూడాలంటే తెల్లవారకముందే కొండెక్కాలి. విశాఖ నుంచి అర్ధరాత్రి బయల్దేరే ఓపిక లేక, నేనూ మా తమ్ముడూ ముందు రోజు సాయంత్రమే వెళ్లి కొండ కింద టెంట్ వేసుకున్నాం. జనవరి నెల. నా దగ్గర ఆన్‌లైన్‌లో 1,100 రూపాయలకు కొన్న స్లీపింగ్ బ్యాగ్ ఉంది. దాని కవరు మీద ఇంతింత అక్షరాలతో ‘-5 డిగ్రీలు’ అని రాసుంది. ఇంక పాడేరు చలి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చింది. నడుము కింద ఐసు గడ్డ పెట్టినట్టుంది. తెచ్చుకున్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాను, తువ్వాలు పాదాలకు చుట్టుకున్నాను. అయినా పళ్లు టకటకమంటూనే ఉన్నాయి. పక్కన తమ్ముడు అమ్మమ్మ కుట్టిన బొంత సగం కింద పరుచుకుని, సగం కప్పుకుని హాయిగా గురక పెడుతున్నాడు. టెంట్‌లో వేలాడదీసిన చిన్న థర్మామీటర్ మీద టార్చి వేసి చూస్తే 8.

మైనస్ 5కీ 8కీ మధ్య 13 డిగ్రీలు. అవి ఎక్కడికి పోయాయో తేల్చుకోవడమే ఇంటికొచ్చాక నా పనైపోయింది.

బ్యాగ్ లోపల కుట్టిన లేబుల్‌ని తిరగేస్తే సగం దొరికింది. మైనస్ 5 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఎక్స్‌ట్రీమ్’ అని ఉంది. ఐఎస్ఓ 23537 అని ఈ బ్యాగులకు ఒక ప్రమాణం ఉంది. వేడిచేసిన బొమ్మ మనిషిని బ్యాగ్‌లో పడుకోబెట్టి, చల్లటి గదిలో పెట్టి కొలుస్తారు. ఆ కొలతల్లోంచి వచ్చే అంకెల్లో కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి చలి తెలియకుండా పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు మగమనిషి ముడుచుకుని ఎలాగో నెట్టుకురాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, ప్రాణం నిలబెట్టుకునే లెక్క. నేను కొన్నది ఆ మూడో అంకెను చూసి! అసలు దానికి ఆ పరీక్షయినా చేశారో లేదో, లేబుల్ మీద ఐఎస్ఓ మాటే లేదు.

“మగాళ్ల లెక్క లిమిట్ కదా, నాకది చాలు” అన్నాను మా ఆవిడతో. “ఏసీ 26 పెట్టినా దుప్పటి లాక్కునే మగాడికి కంఫర్టే చూసుకోండి” అంది. నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను.

తర్వాత లోపలి సరుకు. ఇక్కడ నాకు మా వీధిలోకి దూది ఏకడానికి వచ్చే తాత గుర్తొచ్చాడు. అణగారిపోయిన పరుపులోని దూదిని వింటితో ఏకితే, అదే దూది రెండింతలు పొంగేది. ఆ రాత్రి పడుకుంటే వెచ్చగా ఉండేది. దూది పెరగలేదు, దాని మధ్యలో గాలి పెరిగిందంతే. స్లీపింగ్ బ్యాగ్ కథంతా అదే. వెచ్చదనం ఇచ్చేది కదలకుండా ఆగిపోయిన గాలి. దాన్ని ఎంత తక్కువ బరువుతో పట్టి ఉంచగలం అన్నదే ప్రశ్న. బాతు నూగు, అంటే ఈకల కింద ఉండే మెత్తటి బొచ్చు, ఇందులో మొనగాడు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతుందో దాన్ని ఫిల్ పవర్ అంటారు. 550 అంటే ఫరవాలేదు, 800 అంటే జేబుకు చిల్లు. కానీ నూగు తడిస్తే ఉండకట్టేస్తుంది, వెచ్చదనం పోతుంది. సింథటిక్ తడిసినా కాస్త పనిచేస్తుంది, ధర తక్కువ, బరువు మాత్రం ఎక్కువ.

నా నడుము కింద ఐసు గడ్డ రహస్యం కూడా ఈ గాలిలోనే ఉంది. మనం పడుకున్న చోట బ్యాగ్ మన బరువుకు అణిగిపోతుంది. గాలి లేదు, కాబట్టి వెచ్చదనమూ లేదు. అక్కడ కాపాడాల్సింది కింద పరిచే చాప. నేను పరిచింది పల్చటి ప్లాస్టిక్ పట్టా! బ్యాగ్‌కు బదులు వాడే క్విల్ట్ పుట్టిందే ఈ లెక్క మీద. ఎలాగూ పనిచేయని వీపు భాగాన్ని కోసేసి, పట్టీలతో చాపకు కట్టుకునేలా చేశారు. అంటే తేలికపాటి బొంతే. తమ్ముడికి చెబితే “అమ్మమ్మకి ఎప్పుడో తెలుసు” అన్నాడు. ఆ బొంత మూడు కిలోలుంటుంది, కారు డిక్కీలో వచ్చింది కాబట్టి సరిపోయిందని గుర్తుచేశాను.

షాపుకెళ్లి నేల మీద చాప పరిపించుకుని, ఒక్కోదాంట్లో దూరి చూశాను. సేల్స్ కుర్రాడు మొహమాటంగా అటు తిరిగాడు. అయినా దూరాల్సిందే. ఒకదాంట్లో భుజాలు పట్టలేదు, ఇంకోదాంట్లో జిప్పు ప్రతిసారీ గుడ్డని కొరికింది. క్విల్ట్ బాగా నచ్చింది కానీ నేను రాత్రంతా పొర్లే రకం, పక్కల్నుంచి గాలి దూరుతుంది. చివరికి కాళ్ల దాకా జిప్పు తెరుచుకునే నూగు బ్యాగ్ తీసుకున్నాను. ఉక్కగా ఉంటే తెరిచి క్విల్ట్‌లా కప్పుకోవచ్చు. కంఫర్ట్ 4 డిగ్రీలు, ధర 8,500. హిమాలయాలకు చాలదని తెలుసు. అక్కడికి ఎప్పుడైనా వెళ్తే అద్దెకు తీసుకుంటాను. ఏడాదికి నాలుగు రాత్రులు మన్యంలో గడిపేవాడు మంచు కొండల బరువు ఎందుకు మోయాలి?

బరువు మాట నమ్మకుండా రెండు బ్యాగులూ కిరాణా కొట్టుకు తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. పాతది 1,300 గ్రాములన్నారు, 1,720 తూగింది. కొత్తది 850 అన్నారు, 870 వచ్చింది. “ఏటి మాస్టారూ, దూది యాపారమా?” అని నవ్వాడు కొట్టతను.

నూగు బ్యాగ్ ఉతకడం పెద్ద తంటా. అందుకని అమ్మ పాత నేత చీరని లోపల వేసుకునే సంచిలా కుట్టిచ్చింది. బరువు 350 గ్రాములు. తేలిక లెక్క మళ్లీ మొదటికొచ్చింది గానీ, అమ్మతో అనగలమా?

డిసెంబరులో లంబసింగి వెళ్లాం. ఈసారి కింద మందపాటి ఫోమ్ చాప, పడుకునే ముందు బ్యాగ్ తీసి అరగంట పొంగనిచ్చాను. తెల్లవారుజామున థర్మామీటర్ 5 చూపిస్తుంటే నేను పడుకునే చూశాను. ముక్కు ఒక్కటే చల్లగా ఉంది. కాకపోతే టెంట్ లోపలి గోడకు మా ఊపిరే చెమ్మయి పట్టి, కాళ్ల వైపు తాకిన చోట బ్యాగ్ తడిసింది. నూగుతో ఉన్న భయం అదే. పొద్దెక్కాక బండరాయి మీద ఆరేశాను.

టీ కొట్టు ఆవిడ వచ్చి వేలితో నొక్కి చూసింది.

“మెత్తగుంది బాబూ. ఇందులో ఏటుంది?”

“బాతు నూగు” అన్నాను.

“ఎంతయ్యింది?”

చెప్పాను. ఒకసారి బ్యాగ్ కేసి, ఇంకోసారి పెరట్లో తిరుగుతున్న తన కోళ్ల కేసి చూసింది.