చూపు నిలిపే చోటు

ఎనిమిదో తరగతిలో ఏకపాత్రాభినయం పోటీకి నా పేరు రాసింది మా తెలుగు మాస్టారే. రోజూ బడి వదిలాక ఖాళీ క్లాసులో ప్రాక్టీసు. డైలాగుల కంటే చూపు మీదే ఆయన పట్టుదల. "ఎదుటి మనిషి లేడు. కానీ అతని కళ్ళు ఎక్కడున్నాయో నీకు తెలియాలిరా. నువ్వు చూస్తేనే జనానికి కనిపిస్తాడు" అనేవారు. గోడ మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, నా చూపు అక్కణ్ణుంచి జారితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవారు.

ఆ చుక్క ముప్పై ఏళ్ళ తర్వాత అక్కరకొచ్చింది.

మా నాన్నకు పక్షవాతం వచ్చి మాట పోయింది. ఒక్క "సరే" మిగిలింది. మెదడులో మాటకు సంబంధించిన భాగం దెబ్బతింటే కొందరికి ఇలా జరుగుతుంది. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన రోగి ఏమడిగినా "టాన్" అనేవాడు. మా నాన్నకు మాత్రం అంతకుముందు జీవితమంతా "వద్దు" అన్నదే మాట. నాటకాలంటే అసలే వద్దు.

ఆ కథనే గంటసేపు ఒక్కణ్ణే చెప్పే ప్రదర్శనగా రాసుకున్నాను. అమెరికన్ నటుడు స్పాల్డింగ్ గ్రే ఒక బల్ల, మంచినీళ్ళ గ్లాసు, నోటుబుక్కు ముందు పెట్టుకుని తన జీవితాన్ని చెప్పేవారు. నేను ఒక ఖాళీ కుర్చీ పెట్టుకున్నాను.

మొదటి సగంలో జనం బాగా నవ్వుతారు. ఏళ్ళ తరబడి అడగలేనివన్నీ అన్నదమ్ములం వరసపెట్టి అడుగుతాం. "నాన్నా, ఉద్యోగం మానేసి నాటకాలు వేసుకుంటా." "సరే." ఆ నవ్వు తగ్గుముఖం పట్టేదాకా ఆగాలి, పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకోవాలి. అదీ మాస్టారు నేర్పిందే. నేరుగా ఆస్పత్రి మంచం దగ్గరికి తీసుకెళ్తే జనం ముందే మనసు బిగబట్టుకుంటారు. నవ్వుతున్నవాళ్ళకు ఆ వీలుండదు.

చివర్లో అడుగుతాను, "నొప్పిగా ఉందా నాన్నా?" అని.

"సరే."

హాల్లో చప్పుడుండదు. అక్కడ నేను ఏడవకూడదు. ఏడిస్తే జనం నన్ను చూస్తారు, నాన్నను చూడరు.

మొన్నటి పూర్వ విద్యార్థుల కలయికలో మా బడి హాల్లోనే ఆ ప్రదర్శన వేశాను. ఎక్కడా పడనంత టెన్షన్ పడ్డాను. మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అన్నారు: "నిలబడ్డ నాన్న, కుర్చీలో నాన్న బాగా కనిపించార్రా. మంచం మీద నాన్ననే ఎత్తులో చూశావు. ఇంకా కిందికి చూడాలి."

తర్వాతి ప్రదర్శనలో చూపు జానెడు దించాను. నాన్న అక్కడే ఉన్నారు.